హెడర్లు పెట్టినా పాత స్క్రిప్టే వస్తుంటే: నా అనుభవం

మా వెబ్ అప్లికేషన్ ఫారంలో పిన్‌కోడ్ చెక్ చేసే స్క్రిప్టును (జావాస్క్రిప్ట్ ఫైలును) సరిచేసి రిలీజ్ చేశాక కూడా క్లయింట్ నుంచి అవే ఫిర్యాదులు. కంట్రోల్ ఎఫ్5 కొట్టించి పేజీని పూర్తిగా కొత్తగా తెప్పిస్తే సరిపోతోంది. కానీ ఎంతమందికని ఫోన్ చేసి చెబుతాం?

తమాషా ఏమిటంటే, క్యాష్ చేయొద్దని, అంటే బ్రౌజర్ తన దగ్గర కాపీ దాచుకోవద్దని, చెప్పే హెడర్ లైన్లు (పేజీతో పాటు సర్వర్ పంపే సూచనలు) ప్రతి జేఎస్పీ (సర్వర్‌లో పేజీని తయారుచేసే జావా ఫైలు) పైనా ఎప్పటి నుంచో ఉన్నాయి. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే సంగతి తేలింది. పేజీ సర్వర్ నుంచే వస్తోంది. దాని కింద స్క్రిప్టు వరుసలో మాత్రం సైజు ఉండాల్సిన చోట 'డిస్క్ క్యాష్' అని ఉంది. ఆ హెడర్లు జేఎస్పీ తయారుచేసే హెచ్‌టీఎంఎల్‌కే వర్తిస్తాయి. స్క్రిప్టు వేరే రిక్వెస్టు. దాన్ని మా జావా వెబ్ సర్వర్ టామ్‌క్యాట్‌లోని డిఫాల్ట్ సర్వ్‌లెట్ (ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు పంపే భాగం) ఇస్తుంది, ఆ హెడర్లు లేకుండానే.

మరి బ్రౌజర్ ఆ స్క్రిప్టును ఎన్నాళ్లు దాచుకుంటుంది? సర్వర్ గడువు చెప్పకపోతే బ్రౌజరే ఓ లెక్క వేసుకుంటుంది. ఫైలు చివరిసారి మారినప్పటి నుంచి గడిచిన కాలంలో పదో వంతు అనేది మామూలు లెక్క. 100 రోజులుగా ఎవరూ ముట్టుకోని ఫైలైతే 10 రోజుల దాకా సర్వర్‌ని అడగనే అడగదు. ఎంత పాత ఫైలైతే అంత మొండి!

టీమ్‌లో ఒకరు స్క్రిప్టు అడ్రస్ చివర ప్రశ్న గుర్తు పెట్టి కరెంట్ టైమ్ మిల్లీసెకన్లు తగిలిద్దామన్నారు. పని చేస్తుంది, కాకపోతే పేజీ తెరిచిన ప్రతిసారీ ఫైలు మొత్తం మళ్లీ దిగుతుంది. సర్వర్ స్టార్టయిన టైమ్ వాడదామంటే, లోడ్ బ్యాలెన్సర్ (రిక్వెస్టులను సర్వర్లకు పంచేది) వెనక రెండు సర్వర్లున్నాయి, రెండింటి టైమూ ఒకటి కాదు, కాబట్టి అడ్రసూ ఒకటి కాదు. చివరికి కొత్త వెర్షన్ తయారుచేసినప్పుడల్లా మారే బిల్డ్ నంబరే ఖాయం చేశాం. బిల్డ్ చేసే టూల్ మావెన్ దాన్ని ప్రాపర్టీస్ ఫైల్లో రాస్తుంది, అప్లికేషన్ మొదలవగానే నడిచే సర్వ్‌లెట్ కాంటెక్స్ట్ లిజనర్ చదివి అప్లికేషన్ స్కోపులో (అన్ని పేజీలకూ అందేచోట) పెడుతుంది, దాన్ని స్క్రిప్టు అడ్రస్ చివర చేర్చడానికి జేఎస్పీలో ఒక్క ఈఎల్ ఎక్స్‌ప్రెషన్ (విలువను పేజీలో రాసే చిన్న కోడ్) చాలు. అడ్రస్ మారితే బ్రౌజర్‌కి అది కొత్త ఫైలే.

ఆ ధైర్యంతో క్యాష్ గడువు హెడర్లు చేర్చే టామ్‌క్యాట్ ఎక్స్‌పైర్స్ ఫిల్టర్‌తో స్క్రిప్టులకు ఏకంగా ఏడాది గడువిచ్చాం, అంటే 3,15,36,000 సెకన్లు. జేఎస్పీల్లోని పాత హెడర్లను మాత్రం కదపలేదు. పేజీయే క్యాష్ అయితే కొత్త నంబరు చేరేదెలా?

ఇంకో మెలిక: ఒక స్క్రిప్టు లోపలి నుంచి మరో స్క్రిప్టును లోడ్ చేస్తే ఈ నంబరు దానికి అంటదు. అలాంటివి వెతికి పట్టుకుని, జేఎస్పీలో బిల్డ్ నంబరును ఒక జావాస్క్రిప్ట్ వేరియబుల్‌గా రాసి, వాటి అడ్రసులకూ దాన్నే కలిపాం.