మిగులు ఊలుతో తెలుగు అచ్చులు అల్లిన నా అనుభవం

అ నుంచి అః వరకు అచ్చులన్నింటినీ, వాటికి తోడుగా వచ్చే బొమ్మలతో సహా, ఇంట్లో మిగిలిపోయిన ఊలు ముక్కలతో అల్లడం ఈ వారమే పూర్తి చేశాను. వేళ్ల నొప్పి ఇంకా తగ్గకముందే దీన్ని రాయాలనుకున్నాను. ఇంగ్లీషు ఏబీసీడీలను క్రోషేలో, అంటే కొక్కెం సూదితో, అల్లడానికి కావలసినన్ని నమూనాలు దొరుకుతాయి గాని, తెలుగు అక్షరాలకు నా చేతికి పనికివచ్చేది ఒక్కటీ దొరకలేదు. రేపు మరో తల్లి గాని, అంగన్‌వాడీ టీచరు గాని ఈ పనికి పూనుకుంటే, నేను తల బద్దలు కొట్టుకున్న చోట ఆమె ఆగిపోకూడదు.

మాది నరసాపురం పక్క పల్లె. సన్నటి నూలు దారంతో లేసు అల్లడం మా ఇళ్లలో ఆడవాళ్లందరికీ వచ్చిన పని, నాకూ వచ్చు. పెళ్లయి హైదరాబాదు వచ్చాక లేసు సూది పెట్టెలోకి వెళ్లిపోయింది. పిల్లల స్వెట్టర్లు, టోపీలు, శాలువల పుణ్యమా అని ఊలు మాత్రం పేరుకుపోయింది.

ఊలును వేరు చేయడం తేలికే. పాత స్వెట్టరును విప్పేటప్పుడు పక్క కుట్టును ముందు చూడాలి. అంచును కత్తిరించి మెషీన్‌తో ఓవర్‌లాక్ కుట్టు వేసిన రెడీమేడ్ స్వెట్టరైతే దారం వరుస వరుసకూ తెగి ముక్కలుగానే వస్తుంది, దాన్ని దూదికి బదులు కూరడానికి ఉంచుకోవాలి. చేత్తో అల్లినదైతే అల్లిక ముగిసిన వైపు నుంచి విప్పి, చిలపగా చుట్టి, గోరువెచ్చని నీళ్లలో తడిపి, కింద చిన్న బరువు కట్టి ఆరబెడితే వంకరలు పోతాయి. ఏ ముక్క ఏ రకమో తెలియకపోతే చిన్న పోగును పట్టకారుతో పట్టుకొని కాల్చి చూడండి. అక్రిలిక్ కరిగి గట్టి నల్లటి పూసలా మారుతుంది, అసలు ఉన్ని వెంట్రుక కాలిన వాసనతో బూడిదవుతుంది, నూలు కాగితంలా కాలుతుంది. అసలు ఉన్నిని ఈ బొమ్మల్లో కలపకండి, వేడి నీళ్లలో ఉతికితే అదొక్కటే కుంచించుకుపోయి బొమ్మ ఆకారం చెడుతుంది. సన్న పోగులను రెండు కలిపి అల్లితే మిగతా వాటి మందానికి సరిపోతాయి. నేను అన్నింటికీ మూడు మిల్లీమీటర్ల సూదినే వాడాను. ఊలు చీటీ మీద రాసినదానికంటే చిన్న సూది పట్టుకొని బిగుతుగా అల్లకపోతే లోపలి దూది బయటికి కనిపిస్తుంది.

బొమ్మల సంగతీ పెద్దగా చెప్పవలసింది లేదు. మ్యాజిక్ రింగులో (లాగితే బిగిసే దారపు ఉంగరంలో) ఆరు కుట్లతో మొదలుపెట్టి, పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగుగా పెంచి, కొన్ని వరుసలు పెంచకుండా అల్లి, మళ్లీ అదే లెక్కన తగ్గించుకుంటూ వస్తే బంతి వస్తుంది, బంతి వచ్చిన చేతికి ఆవు తల, ఉడుత పొట్ట, ఎలుక, ఏనుగు, ఒంటె మూపురం అన్నీ వస్తాయి. రెండు అక్షరాల దగ్గర మాత్రం ఆలోచించవలసి వచ్చింది. ఐ అంటే ఐరావతమని తెల్ల ఏనుగును అల్లితే, మా పక్కింటి పాప దాన్నీ ఏనుగే అన్నది. పిల్లకు కనిపించేది ఏనుగే కనుక ఆమె మాటే సరైనది, అందుకే ఐదు వేళ్ల అరచేయి అల్లాను. ఔకు పాఠ్యపుస్తకాలు ఔషధం అంటాయి. మందుసీసాను ఆడుకునే వస్తువుగా పసిపిల్లల చేతికివ్వడం నాకు ఎంతమాత్రం ఇష్టం లేదు. ఔను అని తల ఊపే బొమ్మను చేశాను: మెడ దగ్గర కుట్లు తగ్గించి, దూది తక్కువగా కూరి, మొండేనికి రెండు వరుసలు గట్టిగా కుట్టాను. అం అక్షరానికి అంగీ అల్లాను, ఈ ఊళ్లో పిల్లలకు చొక్కా కన్నా ఆ మాటే దగ్గర.

ఇక అక్షరాలు. ఇంగ్లీషు అక్షరాలను అల్లేవాళ్లు తిన్నటి గొట్టాన్ని గాని పట్టీని గాని అల్లి, కావలసిన చోట మడిచి కుట్టేస్తారు. A, E, F, L, T వంటివి అన్నీ గీతలే కాబట్టి ఆ పద్ధతి వాటికి చాలు. మన అక్షరాలలో అటువంటి గీత వెతికినా దొరకదు. ఎనిమిది కుట్ల గొట్టాన్ని అల్లి దూది కూరి అ ఆకారంలోకి వంచబోతే, వంపు లోపలి వైపు ముడతలు పడింది, బయటి వైపు కుట్లు సాగి దూది బయటపడింది, చేయి వదలగానే మొత్తం మళ్లీ తిన్నగా నిలబడింది. కుట్టి బంధిస్తే కుట్టిన చోట మూల తేలి, గుండ్రటి అక్షరానికి మోచేతులు మొలిచినట్టయింది. ఋ దగ్గరైతే ఒక వంపు ముగియకముందే ఇంకొకటి మొదలవుతుంది కనుక అక్షరమే గుర్తుపట్టలేకపోయాను.

ఊలు కొట్టతను లోపల తీగ పెట్టమన్నాడు. ఇంటర్నెట్‌లోనూ చాలామంది అదే చెబుతున్నారు. దయచేసి ఆ పని చేయకండి. పసివాళ్లు బొమ్మను వంచుతారు, నములుతారు, నేలకు కొడతారు. పదేపదే వంగిన తీగ ఏదో ఒకనాడు విరుగుతుంది, విరిగిన కొన అల్లికలోంచి బయటికి రావడానికి ఎక్కువ సమయం పట్టదు. మూడేళ్లలోపు పిల్లల చేతికి వెళ్లే వస్తువులో తీగ, గుండీ, అతికించిన ప్లాస్టిక్ కన్ను ఉండకూడదన్నది నేను ఎవరికోసమూ సడలించని నియమం. కళ్లన్నీ నల్ల దారంతో కుట్టినవే.

అప్పటికి చేతికి వచ్చినంతలో అ, ఆ, ఇ, ఈలను తీసుకొని, మా కాలనీకి దగ్గరలో ఉన్న ఒక ప్లేస్కూలుకు వెళ్లాను. వాళ్లే కబురుపెట్టారు, చిన్న తరగతికి చేత్తో చేసిన వస్తువులు కావాలని. ఆ నిర్వాహకురాలు నన్ను ఫీజులు కట్టడానికి వచ్చిన తల్లిదండ్రుల మధ్యే నిలబెట్టి, ఈని రెండు వేళ్లతో ఎత్తి చూపిస్తూ, "ఇది అక్షరమా మేడమ్, జిలేబీయా? ఏబీసీడీ అయితే చెప్పండి, సెట్టుకు ఇంత అని ఇచ్చేస్తాం. తెలుగు ఎవరు అడుగుతారు?" అన్నారు. అక్కడున్న వాళ్లు నవ్వారు. నవ్విన వాళ్లంతా తెలుగువాళ్లే, ఇళ్లలో పిల్లలతో తెలుగే మాట్లాడేవాళ్లు. నేను బొమ్మలు సంచిలో సర్దుకొని వచ్చేశాను, ఆ రాత్రి నిద్రపట్టలేదు. అల్లిక బాగాలేదంటే ఒప్పుకొనేదాన్ని. కాని ఆమె ఎగతాళి అల్లికతో ఆగలేదు, నాలుగేళ్ల పిల్లకు తన ఇంటి అక్షరాన్ని చేత్తో పట్టుకొని చూసే అవకాశం అక్కరలేదన్నట్టు మాట్లాడింది. మన అక్షరాలు గుండ్రటివి కాబట్టే చిన్న వేళ్లు వాటి వెంట సాఫీగా సాగుతాయి. బడి నడిపే మనిషికి ఆ మాత్రం తెలియకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

దారి చూపింది మా పిన్ని. ఇప్పటికీ ఊళ్లో లేసు అల్లే మనిషి. వీడియో కాల్‌లో నేను గొట్టాన్ని వంచి చూపిస్తుంటే, "ఏంటే, దాన్ని అలా విరగ్గొడతావేంటి? లేసులో పువ్వు రేకుని ఎలా తిప్పుతావు? బయట పొడుగు కుట్టు, లోపల పొట్టి కుట్టు ఎయ్యి, అదే తిరుగుద్ది" అన్నది. చిన్నప్పటి నుంచి నా చేతికి తెలిసిన సంగతే, ఊలు పట్టుకొనేసరికి నాకు తట్టనేలేదు. లేసులో బల్లపరుపుగా జరిగేది ఇక్కడ గొట్టం చుట్టూ జరగాలి, అంతే తేడా.

ఆ పద్ధతిని వివరంగా చెబుతాను. వరుసకు ఎనిమిది కుట్లనుకోండి. తిన్నగా వెళ్లవలసిన చోట ఎనిమిదీ సింగిల్ క్రోషేలే, అంటే పొట్టి కుట్లే. వంపు మొదలైన చోట, వంపుకు లోపలి వైపు వచ్చే నాలుగింటిని సింగిల్‌గానూ, బయటి వైపు వచ్చే నాలుగింటిని హాఫ్ డబుల్‌గానూ (కాస్త పొడుగు కుట్టు) వేయాలి. బయటి వైపు ఎత్తు పెరుగుతుంది, లోపలి వైపు పెరగదు, కాబట్టి గొట్టం తనంతట తానే లోపలికి తిరుగుతుంది. ఉ చివరి కొన వంటి బిగువైన మలుపులకు లోపలి వైపు స్లిప్ స్టిచ్ (సింగిల్ కన్నా పొట్టిది), బయటి వైపు హాఫ్ డబుల్ వేస్తే సరిపోతుంది. ఇంకా పొడుగైన డబుల్ క్రోషే వరకూ వెళ్లకండి, సందులు పడతాయి.

ఇది చదివితే తేలికగానే ఉంటుంది. అల్లితే మరో చిక్కు ఎదురవుతుంది, నన్ను అన్నింటికంటే ఎక్కువ ఏడిపించింది అదే. వరుసను ముగించి కలపకుండా చుట్టలుగా అల్లుకుంటూ పోయేటప్పుడు కుట్టు సరిగ్గా కింది కుట్టు నెత్తిన కూర్చోదు, కుడిచేతి వాళ్లకు కొద్దికొద్దిగా కుడికి జరుగుతుంది. గుర్తుకు పెట్టిన దారం అదే కుట్టులో ఉన్నా, కొన్ని వరుసల తరువాత ఆ కుట్టు గొట్టం పక్కకు వెళ్లిపోతుంది. వంపు లోపలికి తిరగవలసినది పక్కకు మెలితిరిగి, అక్షరం బల్ల మీద పడుకోకుండా పైకి లేస్తుంది. అందుకని కుట్లను లెక్కపెట్టడం మానేసి, మూడు నాలుగు వరుసలకు ఒకసారి గొట్టాన్ని బల్ల మీద ఆనించి, వంపు బయటి వైపు ఎటు ఉందో కంటితో చూసి, గుర్తు దారాన్ని ఒక కుట్టు ముందుకు, అంటే ఎడమకు, జరుపుకోవాలి. సూదిని దారం మీదుగా పోనిచ్చి లాగితే కుట్టు బిగుతుగా, ఇంటూ గుర్తులా పడుతుంది. నా చేతిలో ఈ జరుగుడు దానితో చాలా తగ్గింది. పెద్ద కాగితం మీద అక్షరాన్ని రాసుకొని, దాని మీద గొట్టాన్ని పరుస్తూ అల్లడం తప్పనిసరి. సన్న గొట్టంలోకి దూది బదులు అదే రంగు ఊలు తుంపులను కూరితే, ఎక్కడైనా సందు ఉన్నా తెలియదు, ముక్కలన్నీ ఖర్చయిపోతాయి కూడా.

పొదుపు చేసే మార్గం కూడా మన అక్షరాలలోనే ఉంది. ఎ అల్లడం వచ్చిన చేతికి ఏ వస్తుంది, ఉ వస్తే ఊ వస్తుంది, ఒ వస్తే ఓ వస్తుంది. మూలం ఒకటే, చేర్పు వేరు. ఆ చేర్పును వేరే రంగు ముక్కతో అల్లాను, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు అన్న తేడా పిల్లకు కంటికే తెలుస్తుంది. అంలోని సున్నా, అఃలోని విసర్గ బంతులు మాత్రం విడిగా ఊడి రాకూడదు. బొమ్మల భద్రత ప్రమాణాలలో చిన్న భాగాలను పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల గొట్టం ఉంటుంది. నొక్కకుండా అందులో పూర్తిగా పట్టేది ఏదైనా మూడేళ్లలోపు పిల్ల గొంతుకు ప్రమాదమే. విసర్గ బంతి ఒక్కొక్కటి అంతకంటే పెద్దదిగా అల్లి, రెండింటినీ అక్షరంతో పాటే కింది దిండుకు చుట్టూ కుట్టేశాను.

ఆ దిండు గురించి చెప్పాలి. విడి అక్షరానికి ముందూ వెనకా ఒకేలా ఉంటాయి కాబట్టి, పిల్ల దాన్ని తిరగేసి పట్టుకొని అద్దంలో కనిపించే అక్షరాన్ని నేర్చుకుంటుంది. పక్కింటి పాప ఇని రెండు వైపులా ఒకేలా చదవడం చూశాక, ప్రతి అక్షరాన్నీ గుండ్రటి పలుచటి దిండు మీద కుట్టాను. దిండు వెనక వైపు అన్నింటికీ ఒకే ముదురు రంగు. ఇంకొక సంగతి, ఊలు ముక్కలుగా ఉండటం వల్లనే నాకు తోచింది: చేయి అక్షరాన్ని రాయడం మొదలుపెట్టే చోట ముదురు రంగుతో ప్రారంభించి, ముగిసే చోటికి లేత రంగుకు వచ్చాను. పాప వేలు ముదురు నుంచి లేతకు పోతే రాత క్రమం తెలుస్తుంది. కొత్త ఉండ కొని ఒకే రంగుతో అల్లేవాళ్లకు ఈ సౌకర్యం ఉండదు, ఈ ఆలోచన విషయంలో నాకు గర్వంగా ఉంది.

ముక్కలు ఎక్కువైతే అతుకులు ఎక్కువవుతాయి. ముడి వేసి కొన కత్తిరించకండి, ఉతుకుల్లో జారిపోతుంది. రెండు కొనలనూ కలిపి ఆరేడు కుట్లు అల్లి, మిగిలినదాన్ని మొద్దు సూదితో అటూ ఇటూ మూడుసార్లు దూర్చాలి. అక్రిలిక్ కొనలను కాల్చి అతికించమని చెప్పేవాళ్లున్నారు; కాలిన చోట మిగిలే గట్టి పూస పసిబుగ్గను గీరుతుంది.

అమ్మాలనుకునేవాళ్లు ఒక విషయం తెలుసుకోవాలి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పద్నాలుగేళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసినవాటికి మినహాయింపు ఉంది. నమోదు చేయించుకోండి. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మంచిదే. కాని మా పిన్ని వంటి వాళ్లకు దళారి చేతి కూలి తప్ప పేరు దక్కడం లేదు. ఈ అక్షరాలు ఎవరికి చూపించినా వంపు తిప్పడం పిన్ని చెప్పిందనే చెబుతున్నాను.

ఉతకడానికి వల సంచిలో వేసి, చల్లటి నీళ్లతో, పిండకుండా తువ్వాలులో చుట్టి ఒత్తి, పడుకోబెట్టి నీడలో ఆరబెట్టాలి. ఊలు తుంపులు కూరినవి దూదివాటికంటే ఆలస్యంగా ఆరుతాయి, లోపల తడి ఉండగా పెట్టెలో పెడితే బూజు వాసన పడుతుంది. మొదటి సెట్టును మా వీధి అంగన్‌వాడీకి ఇచ్చాను. ప్లేస్కూలు నుంచి మొన్న మళ్లీ ఫోను చేశారు, ఫోటోలు ఎవరో చూపించారట. వాళ్లకు ఏబీసీడీ అల్లనని, తెలుగు కావాలంటే రెండో సెట్టు హల్లులు ముగిశాకేనని చెప్పాను. ప్రస్తుతం క, ఖ, గ అయ్యాయి, ఘ దగ్గర ఉన్నాను.