20 గొర్రెలకు ఎన్ని పిల్లలు అమ్మాం?

మొన్న నాయిన, నేను కూర్చుని పోయిన ఏడాది లెక్క రాశాం. 20 తల్లి గొర్రెల్లో 18 ఈనాయి, పుట్టిన పిల్లలు 19, సంతకు పోయినవి 13. ఆ అంకె చూసి నాయిన చాలాసేపు మాట్లాడలేదు.

గొర్రెలు పెడదామనుకునేవాళ్లు నన్ను ముందు అడిగేది "ఏ జాతి తేవాలన్నా?" అని. నెల్లూరు జోడిపిని చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది మరి, ఎత్తుగా, తెల్లగా, కళ్ల చుట్టూ మూతి మీద నల్ల మచ్చలతో, పిల్ల కూడా తొందరగా బరువొస్తుంది. మా పాలమూరు నల్ల గొర్రె, అదే దక్కని, దాని పక్కన చిన్నగా కనిపిస్తుంది, పైగా గొంగళ్లు నేసేవాళ్లు తగ్గాక ఉన్నికి గిరాకీ పోయింది. అందుకే మేమూ నెల్లూరు పొట్టేలును మందలోకి దింపాం. పిల్లలు బాగా ఎదిగాయి, కాదనను. కానీ ఎండాకాలం మేత కోసం మైళ్లకు మైళ్లు నడిచినప్పుడు మా మందలో ముందు డీలా పడింది, పాలు తగ్గింది ఆ సంకరం గొర్రెలే.

చచ్చిన 6 పిల్లల్లో 4 పుట్టిన మూడు రోజుల్లోపే పోయాయి. ఒకటి నాకింకా కళ్లముందే ఉంది: వాన రాత్రి ఈనింది, తెల్లారి నోట్లో వేలు పెడితే లోపల చల్లగా తగిలింది. తల్లి పొదుగులో పాలున్నాయి, చన్ను కొనలో గడ్డకట్టిన పాలు అడ్డంపడి పిల్లకు రాలేదు. ఈనగానే రెండు చన్నులూ ఒకసారి పిండి, గంటలోపు ముర్రుపాలు తాగించి ఉంటే బతికేది.

మిగతా రెండు చిటుక రోగానికి, అంటే పేగుల్లో విషం పుట్టి ఉన్నట్టుండి చంపే రోగానికి పోయాయి. ఈ రోగం బక్కవాటి జోలికి పెద్దగా పోదు, తొలకరి లేత గడ్డి కడుపునిండా మేసి నిగనిగలాడే పిల్లనే పట్టుకుంటుంది. రాత్రి బాగానే ఉన్నది పొద్దున మెడ వెనక్కి విరుచుకుని పడి ఉంటుంది. అంటే బరువు కోసం తెచ్చిన జాతిలో బరువైన పిల్లలే పోయాయన్నమాట! వానలకు ముందే టీకా, మొదటిసారి వేయించే పిల్లలకు రెండు వారాలకు ఇంకో డోసు పడాలి. మేము రెండోది ఎగ్గొట్టాం.

చచ్చిన పిల్లకు ఖర్చేముందిలే అనుకోకండి. తల్లి 5 నెలలు చూడితో ఉంది, ఆ మేత, ఆ కాపలా, అన్నీ పిల్లతోపాటే పోయినట్టు.

ఈసారి విత్తనం పొట్టేలును సంతలో కొనడం లేదు. వరుసగా మూడు ఈతల్లో పిల్లను పోగొట్టుకోని నల్ల గొర్రె ఒకటుంది, దాని కొడుకునే ఉంచుకుంటున్నాం.