నూట ఎనభై రోజులు, అరవై కథలు

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి మీద మచ్చ కనిపించేసరికే నెలన్నర గడిచిపోయింది. ముందు చూపించుకున్న చోట సీసా మీద సీసా దగ్గు మందు రాసిచ్చారే తప్ప కళ్లె పరీక్ష చేయించలేదు. సాయంత్రమైతే జ్వరం, తెల్లారేసరికి దిండంతా చెమట. 63 కిలోల మనిషిని 51కి వచ్చాను. చివరికి నల్లగొండ సర్కారు దవాఖానలో కళ్లె పరీక్ష చేసి టీబీ అని తేల్చారు.

ఆరు నెలల మందు. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన గోలీలు, తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి. నా బరువుకి రోజూ పరగడుపున నాలుగు గోలీలు. మూత్రం నారింజ రంగులో వస్తుందని, అది గోలీల్లోని రిఫాంపిసిన్ అనే మందు వల్లేనని ఆశా కార్యకర్త ముందే చెప్పింది. చెప్పకపోతే రక్తమే అనుకునేవాణ్ణి.

నాకు వెనక గది ఇచ్చారు. మా చిన్నది గడప దగ్గర నిలబడి "నాయినా, ఇయ్యాలన్నా లోపలికి రావొచ్చా?" అని అడిగేది. ఆ మాట వినలేక గోడవైపు తిరిగి పడుకునేవాణ్ణి.

ఎప్పుడో ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల దగ్గర కొన్న షెర్లాక్ హోమ్స్ డిటెక్టివ్ కథల సంపుటం ఆ గది అలమారలోనే ఉంది. 4 నవలలు, 56 కథలు, మొత్తం 60. మందు 180 రోజులు. మూడు రోజులకొకటి చదివితే రెండూ ఒకేసారి అయిపోతాయి. లావు పుస్తకం. గుండెల మీద పెట్టుకుంటే దగ్గొచ్చినప్పుడల్లా ఎగిరిపడి పేజీ తప్పేది. దిండుకి ఆనించి, పక్కకి తిరిగి చదివాను.

1887 నాటి మొదటి నవల జబ్బు మనిషితోనే మొదలవుతుంది. అఫ్గానిస్తాన్‌లోని మైవాండ్ యుద్ధంలో తూటా తగిలిన డాక్టర్ వాట్సన్‌కి, అంటే మనకి కథ చెప్పే హోమ్స్ స్నేహితుడికి, పెషావర్‌లో టైఫాయిడ్ వస్తుంది. నెలల తరబడి ఆశ లేకుండా పడి ఉండి, చిక్కి శల్యమై లండన్ చేరతాడు. కాలేజీ రోజుల్లో హత్య ఎప్పుడొస్తుందా అని ఈ పేజీలు దాటేశాను. ఇప్పుడు అక్కడే ఆగిపోయాను. హోమ్స్‌ని మనం మొదట చూసేది కోలుకుంటున్న మనిషి కళ్లతోనే.

అన్నీ ఒకే ఎత్తున లేవు. చివరి సంపుటంలోని కథలు కొన్ని బాగా పలచన. బాస్కర్‌విల్ నవలకి మాత్రం మూడు రోజుల లెక్క పక్కన పెట్టి రెండు రాత్రుల్లో ముగించాను.

మూడో నెలలో 26వ కథ వచ్చింది. 1893 డిసెంబరులో అచ్చయిన 'ఫైనల్ ప్రాబ్లమ్'. స్విట్జర్లాండ్‌లోని రైకెన్‌బాక్ జలపాతం దగ్గర వాట్సన్‌కి చీటీ వస్తుంది. హోటల్లో ఒక ఇంగ్లిష్ ఆవిడ క్షయతో ఆఖరి ఘడియల్లో ఉంది, రమ్మని. ఎవరో ఏమిటో తెలియదు. హోమ్స్‌ని అక్కడే వదిలి కొండ దిగి పరుగెత్తుతాడు. ఆవిడ అసలు లేనే లేదు, అది వల. కథలో అది మోసమే. కానీ ఆ పరుగు చదువుతుంటే నాకు కన్నీళ్లు ఆగలేదు. మందు మొదలైన కొన్ని వారాలకే అంటడం తగ్గిపోతుందని డాక్టరు చెప్పినా, అప్పటికీ మా ఇంటికొచ్చిన చుట్టాలు చాయ్ వద్దని వాకిట్లోంచే వెళ్లిపోయేవారు. అదే వారం దేవరకొండ నుంచి అక్క బస్సులో వచ్చింది. జొన్నరొట్టెల డబ్బా తెచ్చింది. మంచం పట్టె మీద కూర్చుని, నేను తాగిన చెంబుతోనే నీళ్లు తాగింది.

తర్వాత ఈ కథలు రాసిన కానన్ డాయిల్ జీవితం వెతికి చదివాను. తనూ డాక్టరే. క్షయకి మందు దొరికిందని జర్మన్ శాస్త్రవేత్త కోచ్ ప్రకటిస్తే 1890లో బెర్లిన్ దాకా వెళ్లి, అప్పుడే నమ్మొద్దని పత్రికల్లో రాశాడు. ఆ కథ అచ్చయిన ఏడాదే ఆయన భార్య లూయిసాకి క్షయ అని తేలింది. ఆవిడ 1906లో పోయింది. క్షయ మీద పనిచేసే స్ట్రెప్టోమైసిన్ మందు వచ్చింది 1940లలో.

అయిదో నెలకి పానగల్ ఉదయ సముద్రం కట్ట మీద ఆయాసం లేకుండా నడిచాను. బరువు 60. మా చిన్నది మళ్లీ నా పక్కనే పడుకుంటోంది.

ఆఖరి రోజు అక్క వచ్చింది. ఆమెకి ఇంగ్లిష్ రాదు, కథలన్నీ నేను చెప్పినవే.

"గా రాసినాయన పెండ్లానికి గూడ ఇదే జబ్బంటివి. బతికిందా మరి?"

"పదమూడేండ్లు బతికింది అక్కా."

"గీ గోలీలు లేకుంటనే?"

"లేకుంటనే."

అక్క గోలీల అట్టను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. నాలుగూ ఒక్కొక్కటే వత్తి నా అరచేతిలో పెట్టింది.