గీత దాటితే రెండు రౌండ్లు

మన బడిలో టీటీ (టేబుల్ టెన్నిస్) టేబుల్ ఎక్కడ ఉండేదో మా బ్యాచ్ వాళ్లకి తప్ప ఎవరికీ గుర్తుండకపోవచ్చు. సైన్స్ ల్యాబ్ వెనక వరండాలో, విరిగిన బెంచీల పక్కన ఉండేది. వాన నీళ్లకి దాని ఎడమ మూల ఉబ్బిపోయింది. ఆ మూలలో పడ్డ బంతి పైకి లేచేది కాదు. వేరే బడి పిల్లలు ఆడటానికొస్తే కావాలని అక్కడికే కొట్టేవాళ్లం. ఇన్నేళ్లకి ఒప్పుకుంటున్నాను.

1992 ఆగస్టులో నేను తొమ్మిదో తరగతి. సెలక్షన్స్‌కి వెళ్తే అక్కడున్న ఒకాయన నన్ను చూసి, "ఈ పిల్ల నెట్టు అవతలికి కనబడుతుందా?" అని నవ్వాడు. ఒక్క గేమ్ కూడా ఆడనివ్వకుండా పంపించేశారు. ఏడుస్తూ వచ్చిన నన్ను మన పీఈటీ సార్ ఓదార్చలేదు. మర్నాడు ఒక పేపర్ కటింగ్ తెచ్చి, అన్నం మెతుకులతో వరండా గోడకి అంటించారు. బార్సిలోనా ఒలింపిక్స్‌లో సింగిల్స్, డబుల్స్ రెండు గోల్డులూ గెలిచిన చైనా అమ్మాయి డెంగ్ యాపింగ్.

"ఎత్తెంతో తెలుసా? నాలుగడుగుల పదకొండు అంగుళాలు. ఆమె చేతులు కూడా పొట్టివే కదా, వెనక్కి జరిగితే రెండు మూలలూ అందవు. అందుకే టేబుల్‌కి అంటుకుని నిలబడుతుంది. బంతి పడి లేస్తుండగానే కొట్టేస్తుంది. అవతలివాళ్లకి సర్దుకునే టైమే ఉండదు" అన్నారు సార్. బ్యాట్‌కి బ్యాక్‌హ్యాండ్ వైపు ఆమె వాడే పొడుగు పింపుల్స్ రబ్బరు, అంటే పైన పొడుగాటి బొడిపెలుండే రబ్బరు గురించి కూడా చెప్పారు. దానికి తగిలిన బంతి మనం అనుకున్నట్టు తిరగదు. ఇంటర్నెట్ లేని రోజుల్లో ఆయనకి ఇవన్నీ ఎలా తెలిశాయో!

ఆ సాయంత్రం టేబుల్ చివర నుంచి రెండు జానలు కొలిచి నేల మీద సుద్దతో గీత గీశారు. గీత వెనక్కి కాలు పడితే గ్రౌండ్ చుట్టూ రెండు రౌండ్లు. మొదటి వారం ఆడిన దానికన్నా పరిగెత్తిందే ఎక్కువ.

ఆమె కథ తర్వాత మెల్లగా తెలుసుకున్నాను. 1973లో హెనాన్ రాష్ట్రంలోని జెంగ్‌జౌలో పుట్టింది. ఐదేళ్లకి వాళ్ల నాన్నే బ్యాట్ పట్టించాడు. రాష్ట్ర జట్టు వాళ్లు పొట్టిదని వద్దన్నారు. అయినా పదహారేళ్లకల్లా, 1989లో డార్ట్‌మండ్‌లో, చియావ్ హాంగ్‌తో కలిసి ప్రపంచ డబుల్స్ గెలిచింది.

1996 అట్లాంటా ఒలింపిక్స్ సింగిల్స్ ఫైనల్లో చెన్ జింగ్ మీద మొదటి రెండు గేములు గెలిచి, తర్వాతి రెండూ పోగొట్టుకుంది. అప్పట్లో గేమ్‌కి 21 పాయింట్లు. ఐదో గేమ్ 21-5! పేపర్లో ఆ స్కోరు చూసి ఆగలేక ఎస్టీడీ బూత్ నుంచి సార్‌కి ఫోన్ చేశాను. "నేనూ చూశాన్లే, పెట్టేయ్, బిల్లు అవుతుంది" అన్నారు.

మరుసటి ఏడాది ఆమె ఆట మానేసింది. అప్పటికి వయసు 24. ఒలింపిక్స్‌లో 4, ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో 9 గోల్డులు. నాకు మాత్రం ఆ తర్వాతి సంగతే ఎక్కువ ఆశ్చర్యం. సింగ్‌హువా యూనివర్సిటీలో చేరిన కొత్తలో ఇంగ్లీషు అక్షరాలన్నీ రాయడం కూడా వచ్చేది కాదట. అక్కణ్ణుంచి నాటింగ్‌హామ్‌లో మాస్టర్స్, 2008లో కేంబ్రిడ్జ్‌లో డాక్టరేట్. మన ఇంగ్లీషు గ్రామర్ పీరియడ్ తలుచుకుంటే ఆ కష్టం ఎంతో మీకే తెలుస్తుంది.

నా సంగతి చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. మరుసటి ఏడు సెలక్షన్స్‌లో ఆడనిచ్చారు, రెండో రౌండ్లో ఓడిపోయాను. సార్ నా కాళ్ల వైపు చూసి, "చివరి నాలుగు పాయింట్లూ గీత దాటావ్" అన్నారు. అక్కడ గీతే లేదు!

మొన్న బడికి వెళ్లాను. వరండాకి టైల్స్ వేశారు, కొత్త టేబుల్ వచ్చింది. ఆడుతున్న ఒక పిల్లని అడిగి బ్యాట్ తీసుకున్నాను. సర్వీస్ చెయ్యబోతుంటే ఆ పిల్ల మొహమాటంగా అంది: "ఆంటీ, కొంచెం వెనక్కి జరగండి. పొట్టకి టేబుల్ తగులుతోంది."