‘బస్సు’ చివర ఉన్న ‘ఉ’

పోయిన మంగళవారం దక్షిణ కొరియాలోని మా బడిలో, ఇంగ్లీషు క్లాసులో మూడో తరగతి పిల్లలతో చప్పట్లు కొట్టించాను. మాట పలుకుతూ, అందులో ఎన్ని ముక్కలుంటే అన్ని చప్పట్లు కొట్టాలి. ‘బనానా’కి మూడు. అందరూ సరిగ్గానే కొట్టారు. ‘క్రిస్మస్’ దగ్గరకొచ్చేసరికి క్లాసంతా ఐదేసి చప్పట్లు: కు-రి-సు-మ-సు. క్లాసంతా అంటే నలుగురే. మా బడిలో మూడో తరగతికి ఉన్నది నలుగురు పిల్లలు.

నేను రెండు చప్పట్లు కొట్టి చూపించాను. ముందు వరసలో పిల్లాడు నా చేతుల వంక, నోటి వంక మార్చి మార్చి చూసి ‘‘టీచర్, టూ ఫాస్ట్!’’ అన్నాడు. వాడి చెవికి నేను మూడు చప్పట్లు మింగేశాను.

బడి నుంచి వచ్చాక తెనాలికి ఫోన్ చేశాను. ఇక్కడ సాయంత్రం ఆరంటే అక్కడ మధ్యాహ్నం రెండున్నర, అమ్మమ్మ భోంచేసి కాసేపు నడుం వాల్చి లేచే వేళ. అదే మాట చప్పట్లు కొడుతూ అనమన్నాను. ‘‘క్రిస్-మ-సు.’’ మూడు. ఎందుకే ఇదంతా అని అడిగితే, పిల్లలకి బస్సు అనకుండా బస్ అనడం నేర్పుతున్నానని చెప్పాను. ‘‘బస్సుని బస్సనక ఇంకేమంటారే తల్లీ?’’ అంది.

నేనుండేది హేనామ్‌లో. దక్షిణ కొరియా మ్యాపులో ఎడమవైపు కిందికి వేలు జరుపుకుంటూ వెళ్తే, నేల అయిపోయి దీవులు మొదలయ్యే చోటు. ఇక్కడి ఒక ఊరి పేరే ‘నేల చివర’ అని. ఎర్రమట్టి పొలాలు, చిలగడదుంపలు, చలికాలమంతా పచ్చగా ఉండే కిమ్చి క్యాబేజీ. గ్వాంగ్జు నగరానికి బస్సులో గంటన్నర ప్రయాణం. వారంలో మూడు రోజులు ఒక బడి, రెండు రోజులు ఇంకో బడి. వారానికి 22 క్లాసులు, ఒక్కోటి 40 నిమిషాలు. రెండో బడికి వెళ్లే బస్సు ఉదయం 7:20కి. అది తప్పితే ఇంకో గంట దాకా లేదు. ఈ మార్చిలో కొత్త విద్యాసంవత్సరం మొదలైన రోజు ఆ బడిలో ఒకటో తరగతిలో చేరింది ఒక్క పాప. హెడ్మాస్టరు, టీచర్లు, ఆరో తరగతి పిల్లలు అందరూ నిలబడి ఆ ఒక్క పాపకి చప్పట్లు కొట్టారు. 2023లో ఈ దేశంలో సగటున ఒక్కో స్త్రీకి పుట్టిన పిల్లలు 0.72. ఆ అంకె వార్తల్లో చాలాసార్లు చదివాను గానీ, అంత పెద్ద హాల్లో ముందు వేసిన ఒక్క కుర్చీని చూసినప్పుడే అదేమిటో నాకు తెలిసింది.

‘కొరియాలో ఇంగ్లీషు టీచర్ ఉద్యోగం మనకిస్తారా?’ అని చాలామంది అడుగుతున్నారు. ఇంగ్లీషు చెప్పడానికిచ్చే ఈ-2 వీసా మామూలుగా ఏడు దేశాల పౌరులకే: అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. భారత్, కొరియాల మధ్య 2010లో అమల్లోకి వచ్చిన ఆర్థిక ఒప్పందంలో, టీచర్ అర్హత ఉన్న భారతీయులు సహాయ ఇంగ్లీషు టీచర్లుగా రావచ్చని ఉంది. అలా వచ్చినవాళ్లు నాకైతే ఇంతవరకు ఒక్కరూ ఎదురుపడలేదు. నేను ఐదో తరగతి దాకా తెనాలిలో తెలుగు మీడియంలో చదివి, 11 ఏళ్లప్పుడు అమ్మానాన్నలతో న్యూజెర్సీ వెళ్లాను. నాది అమెరికా పాస్‌పోర్టు. అందుకే రాగలిగాను.

ఇక్కడ నాలాంటి టీచర్ని ‘వొనొమిన్’ అంటారు. ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లు అని. ఆ మాట విన్న ప్రతిసారీ నాలో ఏదో కలుక్కుమంటుంది. పుట్టుకతో నాకొచ్చింది తెలుగు. ఇంగ్లీషు నేను కష్టపడి, న్యూజెర్సీలో ఆరో తరగతి క్లాసులో వెనక బెంచీలో కూర్చుని, పిల్లలు నవ్వుతుంటే నేర్చుకున్న భాష. కొరియా వచ్చిన మొదటి ఏడాది వేరే నగరంలో ఒక హాగ్వన్‌లో, అంటే ప్రైవేటు ట్యూషన్ సెంటర్లో పనిచేశాను. ఫోన్ ఇంటర్వ్యూలో నా ఇంగ్లీషు విని ఎంతో మెచ్చుకున్నారు. మనిషిని చూశాక మాత్రం, తల్లిదండ్రులు వచ్చే రోజున నన్ను ముందు గదిలో కాకుండా లోపల ఉండమన్నారు. బయట బోర్డు మీద తెల్లవాళ్ల ఫొటోలున్నాయి, వాళ్లెవరూ అక్కడ పనిచేసేవాళ్లు కారు. నేను ఆ ఏడాది పూర్తిచేసి ప్రభుత్వ బడికి మారాను. ఆ లోపలి గది ఇప్పటికీ గుర్తొస్తుంది, గోడకి ఆనించిన తెల్లబోర్డు, దాని మీద చెరపని ఎవరిదో పాఠం.

హేనామ్‌లో అలా ఎవరూ అనలేదు. మొదటి రోజు బడి గుమ్మంలో బూట్లు విప్పి, లోపల వేసుకునే చెప్పులు తొడుక్కుంటుంటే, ఒక ఆరో తరగతి పిల్లాడు వచ్చి నడుం వంచి దణ్ణం పెట్టాడు. తర్వాత వరసగా మూడు ప్రశ్నలు: వయసెంత, పెళ్లయిందా, కిమ్చి తింటారా. తోటి అమెరికన్ టీచర్లకి మొదటి రెండూ ఇబ్బందిగా ఉంటాయి. నాకు మాత్రం చాలా రోజుల తర్వాత సొంత వీధిలోకి వచ్చినట్టయింది. వయసు తెలియకపోతే వాళ్లు ఏ వరసతో పిలవాలి పాపం? ఇక్కడా అక్కకి ఒక మాట, అన్నకి ఒక మాట. పైగా పిలిచేది ఆడపిల్లయితే ఒకటి, మగపిల్లాడైతే ఇంకొకటి.

‘టీచర్’ అన్న పిలుపూ అంతే. ‘పేరు పెట్టి పిలవండి, టీచర్ అన్నది పేరు కాదు’ అని నేర్పమని మాకు శిక్షణలో చెప్పారు. నేను నేర్పలేదు. కొరియన్‌లో టీచర్ని ‘సొన్‌సేంగ్‌నిమ్’ అంటారు, దగ్గరితనం వస్తే ‘స్సెమ్’ అంటారు. పిల్లలు ఆ గౌరవాన్నే ఇంగ్లీషులోకి తెచ్చి ‘టీచర్!’ అని కేకేస్తారు. తెనాలిలో మేమూ అంతేగా, రోడ్డు మీద కనబడితే ‘టీచర్, నమస్తే టీచర్’ అని ఒక వాక్యానికి రెండు టీచర్లు.

మధ్యాహ్నం భోజనం అందరికీ ఒకటే, స్టీలు పళ్లెంలో ఐదు గుంటలు: అన్నం, సూపు, కిమ్చి, రెండు కూరలు. పిల్లలతోపాటే కూర్చుని తినాలి. బుధవారం ప్రత్యేక వంటకాలు, ఆ రోజు ఏమీ మిగల్చకుండా తినాలని నియమం. ఈ ప్రాంతంలో ఆవాకుతో ఒక కిమ్చి చేస్తారు, ‘గాట్ కిమ్చి’ అని. నోట్లో పెట్టగానే ఆవకాయ జాడీ మూత తీసిన వాసన ముక్కులోకి ఎక్కింది. వంటావిడ నా ముఖం చూసి ఇంకో గరిటె వేసింది. అప్పటినుంచి వేస్తూనే ఉంది.

మళ్లీ చప్పట్ల దగ్గరికి వస్తాను, ఎందుకంటే నా రోజంతా నడిచేది దానిమీదే.

మన తెలుగు అజంత భాష అని చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పింది. మాట చివర అచ్చు ఉంటే గాని మన నోటికి తృప్తి ఉండదు. బస్సు, కారు, పెన్ను. కొరియన్ అజంతం కాదు, మాట చివర క, న, మ, ప, ల లాంటివి హాయిగా ఆగుతాయి. కానీ ‘స’ ఆగదు. చివర ‘స’ రాస్తే అది ‘ట్’ అని పలుకుతుంది. అందుకని ‘బస్’ని కాపాడాలంటే వాళ్లు ఒక అచ్చు తగిలించక తప్పదు. పెదాలు గుండ్రం చెయ్యకుండా మన ‘ఉ’ అంటే ఎలా ఉంటుందో అదే ఆ అచ్చు. పైగా వాళ్లకి ఒత్తులు లేవు. మనం ‘స్ట్రైకు’ని ఒక అక్షరం కింద ఇంకోటి వేలాడదీసి రాసేస్తాం. వాళ్ల లిపి హంగుల్‌లో ముక్క మొదట్లో వచ్చే ప్రతి హల్లుకీ పక్కన ఒక అచ్చు తోడుండాలి, అందుకే ‘సు-తు-రా-ఇ-కు’ అని ఐదవుతుంది. మా తాతయ్య ‘ఇస్కూలు’ అనేవాడు, ముందు అచ్చు పెట్టి. వీళ్లు ‘సుకూల్’ అంటారు, మధ్యలో పెట్టి. నోటికి నచ్చనిచోట ఎవరి మెట్టు వాళ్లు కట్టుకున్నారు.

నాతోటి అమెరికన్ టీచర్లకి ఈ ‘సు’ ఎక్కణ్ణుంచి వస్తుందో అర్థం కాదు. నాకు అది మా ఇంట్లోని చప్పుడు. అందుకే పిల్లల్ని ‘తప్పు’ అనలేను. ‘మీ అచ్చు కొరియన్ మాటలో ఉంచుకోండి, ఇంగ్లీషు మాటలోంచి కాసేపు తియ్యండి’ అంటాను.

నాతో కలిసి పాఠం చెప్పే కొరియన్ టీచర్ నాకంటే బాగా ఇంగ్లీషు వ్యాకరణం చెప్పగలదు. అయినా నేను గదిలో ఉంటే ఇంగ్లీషు మాట్లాడదు. నెలల తర్వాత ఒక సాయంత్రం కారణం చెప్పింది. ఇక్కడ నవంబరులో ఒక గురువారం కాలేజీ ప్రవేశపరీక్ష, సునుంగ్. ఆ రోజు ఆఫీసులు గంట ఆలస్యంగా తెరుస్తారు, ఆలస్యమైన పిల్లల్ని పోలీసులు బండ్ల మీద దింపుతారు. మధ్యాహ్నం ఇంగ్లీషు వినే పరీక్ష జరిగే 35 నిమిషాలు దేశమంతటా విమానాలు దిగవు, ఎగరవు. ‘‘నా కోసం ఆకాశంలో విమానాలు ఆగాయి, అయినా నాకు రెండు ప్రశ్నలు వినబడలేదు’’ అంది. అప్పుడామెకి 18 ఏళ్లు. ఆ రెండు ప్రశ్నలు ఇప్పటికీ ఆమె నోటికి అడ్డం పడుతున్నాయి. నేను న్యూజెర్సీలో వెనక బెంచీ సంగతి చెప్పాను. మేమిద్దరం ఆ రోజు బడి మూసేదాకా ఇంగ్లీషులోనే మాట్లాడుకున్నాం.

ఇంగ్లీషులో ‘జీరో’ మొదటి శబ్దం కొరియన్‌లో లేదు. పిల్లలు మామూలు ‘జ’ అంటారు, జీరోని ‘జెరో’ అంటారు. ‘ఫ’ బదులు ‘ప’, కాఫీ ‘కొపి’ అవుతుంది. జీరో నేర్పడానికి నేను జామపండుని వాడతాను. మన ‘జీవితం’లో జ వేరు, ‘జామ’లో జ వేరు కదా, జామకి నాలుక ముందుకొచ్చి పళ్ల దగ్గర ఆనుతుంది. అక్కడ నాలుకని ఆననివ్వకుండా గాలి వదిలితే జీరోలో శబ్దం వస్తుంది. పిల్లలు ఒక చెయ్యి గొంతు మీద పెట్టుకుని తుమ్మెదల్లా మోగుతారు. ఇది వాళ్లకి కొత్త కూడా కాదు. హంగుల్ అక్షరాలే నోటి బొమ్మలు. సెజాంగ్ రాజు 1446లో ప్రకటించిన ఆ లిపిలో ‘న’ అంటే నాలుక కొన పైకి లేచిన ఆకారం. ‘క’కి ఒక గీత చేరిస్తే ‘ఖ’, మన ‘ప’ కింద ఒత్తు పెడితే ‘ఫ’ అయినట్టే. అక్టోబరు 9 హంగుల్ పండుగ రోజు సెలవు. దానికి ముందు రోజు బోర్డు మీద రెండు లిపులూ పక్కపక్కన రాసి చూపించాను.

ఆ నలుగురిలో ఒక పాప క్లాసులో నోరు విప్పదు. చప్పట్లు కూడా చప్పుడు కాకుండా కొడుతుంది. జీరో పాఠం రోజున ముగ్గురూ జామ దగ్గరే తంటాలు పడుతుంటే, ఆ పాప గొంతు మీద చెయ్యైనా పెట్టకుండా, అచ్చం సరిగ్గా ‘జీరో’ అంది. ‘ఫోన్’ కూడా పెదవి పళ్ల కింద పెట్టి అంది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే తల దించుకుంది. తర్వాత కొరియన్ టీచర్ చెప్పింది, వాళ్లమ్మది వియత్నాం, ఉత్తరాన హనోయ్ వైపు. ఈ ఊళ్లలో అలా వియత్నాం నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి పెళ్లి చేసుకుని వచ్చిన తల్లులు చాలామంది. అటువైపు వాళ్ల పొడవాటి పట్టు దుస్తుల్ని ‘ఆవ్ జాయ్’ అంటారు, ఆ జ సరిగ్గా జీరోలోదే. వాళ్ల నూడుల్స్ సూపు పేరు ‘ఫ’తోనే మొదలవుతుంది. పిల్ల ఎవరికీ వినబడకూడదని దాచుకున్న భాషలోంచి వచ్చాయి ఆ రెండు శబ్దాలూ.

పోయిన గురువారం తల్లిదండ్రులు క్లాసు చూడ్డానికి వచ్చే రోజు. వాళ్లమ్మ పొలంలోంచి నేరుగా వచ్చినట్టుంది, ప్యాంటు అంచుకి ఎర్రమట్టి. వెనక గోడకి ఆనుకుని నిలబడింది. పాప ఆ రోజు కూడా మెల్లగానే పలికింది, కానీ పలికింది. అయిపోయాక ఆవిడ నా దగ్గరకొచ్చి కొరియన్‌లో, ‘‘మా అమ్మాయి ఇంగ్లీషు ఎలా ఉంది స్సెమ్?’’ అని అడిగింది. నాకొచ్చిన విరిగిన కొరియన్‌లో చెప్పాను, ‘‘జీరో చాలా బాగా అంటుంది. మీ దగ్గర నేర్చుకుంది.’’ ఆవిడకి ఇంగ్లీషు రాదు. నేను పొరపడ్డానేమో అన్నట్టు చూసింది. ‘‘ఆవ్ జాయ్’’ అన్నాను, గొంతు మీద చెయ్యి పెట్టుకుని. ఒక్క క్షణం ఆగి, తనూ గొంతు మీద చెయ్యి పెట్టుకుని ఆ మాట అంది. తర్వాత ఇద్దరం నవ్వాం.

ఆవిడ చేతిలో ఒక సంచి చిలగడదుంపలు ఉన్నాయి, నాకని తెచ్చింది. కొరియన్ టీచర్ పక్కనుంచి మెత్తగా అడ్డుకుంది. 2016 నుంచి ఇక్కడ చట్టం ఉంది, పిల్లల తల్లిదండ్రుల దగ్గర టీచర్లు కాఫీ కప్పు కూడా పుచ్చుకోకూడదు. ఎందుకొచ్చిందో తెలుసు, మంచిదనీ తెలుసు. అయినా మా ఊళ్లో ఒక తల్లి పొలంలోంచి తెచ్చిన దుంపలు వద్దనడం నేను ఎన్నడూ చూడలేదు. చేతులు వెనక్కి తీసుకోవడం చాలా కష్టమైంది.

నాలుగున్నరకి ముగ్గురం కలిసే బస్టాపు దాకా నడిచాం, సంచి ఆవిడ భుజాన, పాప మధ్యలో. నేను ‘‘కమ్సాహమ్నిదా’’ అని కొరియన్‌లో థ్యాంక్స్ చెప్పాను. ఆవిడ పాప వంక చూసి ఏదో అంది. పాప నా వైపు తిరిగి, వాళ్లమ్మ భాషలో థ్యాంక్స్ ఎలా చెప్పాలో నేర్పింది, ‘‘కామ్ అన్.’’ నేను అన్నాను. తల అడ్డంగా ఊపింది. స్వరం కిందికి దిగి మళ్లీ లేవాలట. మళ్లీ అన్నాను. బస్సు వచ్చేదాకా నాతో అనిపిస్తూనే ఉంది.