మిల్లులో నీలి తెర

పొద్దున్న ఏడింటికే మండపేట వెళ్లాను. దాళ్వా కోతలు జోరు మీదున్నాయి. రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోశారు, మిల్లు గేటు దాకా ట్రాక్టర్ల వరస. కాటా చీటీలు కొట్టే కంప్యూటరు మూడు రోజులుగా ఉన్నట్టుండి నీలి తెర చూపించి రీస్టార్ట్ అయిపోతోంది. గుమస్తా గారు చేత్తోనే చీటీలు రాస్తున్నారు. "బాబూ, ఇవాళైనా తేల్చెయ్యి. రైతులకి సమాధానం చెప్పలేకపోతున్నాను" అన్నారు. "ఆయ్, తేల్చేస్తానండి" అన్నాను గానీ లోపల టెన్షనే.

నిన్న ర్యామ్ మీద అనుమానంతో పూటంతా మెమరీ టెస్టు పెట్టాను. తప్పేమీ దొరకలేదు. ముందు చూడాల్సింది అది కాదు. విండోస్ ఫోల్డర్లో మినీడంప్ అని ఒకటుంటుంది, క్రాష్ అయినప్పుడల్లా అందులో ఒక ఫైలు పడుతుంది. ఇవాళ నేరుగా అదే తెరిచాను. ఆరు ఫైళ్లున్నాయి. వాటిని చదివే విన్‌డీబీజీ అనే ప్రోగ్రాంలో ఒక్కొక్కటే చదివాను. నాలుగింటిలో ‘క్రిటికల్ ప్రాసెస్ డైడ్’, అంటే తప్పనిసరైన ప్రాసెస్ ఒకటి ఆగిపోయిందని. ఆగిపోయింది సీఎస్‌ఆర్‌ఎస్‌ఎస్, విండోస్ నడవడానికి ఉండి తీరాల్సిన లోపలి ప్రోగ్రాం. మిగతా రెండింటిలో నేనెప్పుడూ వినని డ్రైవర్ (విండోస్ లోపలి పొరలో నడిచే ప్రోగ్రాం) పేరు.

గుమస్తా గారిని అడిగితే విషయం బయటపడింది. సిస్టమ్ నెమ్మదిగా ఉందని నాలుగు రోజుల కిందట ఎవరో కుర్రాడు ఒక ఉచిత టూల్ వేసి వెళ్లాడట. మెమరీ నిండినప్పుడల్లా అక్కర్లేని ప్రాసెస్‌లను అదే ఆపేస్తుందట. అక్కర్లేనివేవో తేల్చేదీ అదే! సీఎస్‌ఆర్‌ఎస్‌ఎస్ పోతే విండోస్ ముందుకెళ్లదు, విండోస్‌కి గుండెకాయ లాంటి కెర్నెలే సిస్టమ్‌ని నిలిపేస్తుంది. టాస్క్ మేనేజర్ అలాంటిదాన్ని ఊరికే ఆపనివ్వదు. ఆ రెండు ఫైళ్లలో కనిపించిన డ్రైవర్ ఈ టూల్‌దే. అలా కెర్నెల్లోకి దూరింది, ఇక దానికి అడ్డు చెప్పేదెవరు?

మా నాన్న కాలవ మీద లస్కర్‌గా, అంటే తూములు చూసుకునే పని చేశారు. కింద ఏ చేలకి నీరు పారుతోందో కనుక్కోకుండా తూము తలుపు దించేవారు కాదు. డంప్ చదువుతుంటే ఎందుకో ఆయనే గుర్తొచ్చారు.

విండోస్‌ని కనీసపు డ్రైవర్లతోనే నడిపే సేఫ్ మోడ్‌లో గంటన్నర నడిపి చూశాను, ఒక్కసారీ పడలేదు. అందులో బయటి డ్రైవర్లు చాలావరకు లోడవ్వవు కాబట్టి ఆ టూల్ మీదే అనుమానం బలపడింది. టూల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేశాను. అయినా కంప్యూటరు ఆన్ అవగానే ఏమేం మొదలవుతాయో చూపించే ఆటోరన్స్‌లో చూస్తే దాని డ్రైవర్ ఇంకా ఆ జాబితాలోనే కూర్చుని ఉంది. చాలామంది ఇక్కడే ఆపేసి, మళ్లీ క్రాష్ అయిందని తల పట్టుకుంటారు. ఆ ఎంట్రీ తీసేసి, సిస్టమ్ ఫైళ్లు ఒకసారి సరిచూసి మామూలుగా బూట్ చేశాను.

మధ్యాహ్నం రెండు నుంచి ఆరున్నర దాకా కాటా దగ్గరే కూర్చున్నాను. ఒక్క చీటీ కూడా ఆగలేదు. నెమ్మది మాత్రం అలాగే ఉంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ నూటికి నూరు చూపిస్తోంది, పాత హార్డ్ డిస్కు మరి. అసలు జబ్బు అదే, దానికి ఆ కుర్రాడు వేరే మందు వేశాడు. గుమస్తా గారికి తెర మీదే చూపించి చెప్పాను. రేపు పాత డిస్కు బదులు వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ పట్టుకెళ్లాలి, ట్రాక్టర్లు రాకముందే.