కోల్‌కతా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో నాన్నతో ఒక పూట

మా ఉద్దానం వాళ్లకు కోల్‌కతా అంత దూరమేం కాదు. పలాసలో రైలెక్కితే హౌరాలో దిగడమే. అయినా నాన్న ఎప్పుడూ వెళ్లలేదు, కొబ్బరితోట వదిలి కదలడు. మొన్న డిసెంబరులో పట్టుబట్టి తీసుకెళ్లాను.

విక్టోరియా మెమోరియల్ దగ్గర విపరీతమైన జనం. తొందరగా బయటపడి పక్కనే ఉన్న సెయింట్ పాల్స్ కేథడ్రల్‌కి నడిచాం. నాకైతే ఈ ఊళ్లో అన్నిటికన్నా ఇదే నచ్చింది. బిషప్ డేనియల్ విల్సన్ పూనుకుంటే 1839లో పునాది పడి, 1847లో ప్రార్థనలు మొదలయ్యాయి. నమూనా గీసింది విలియం నైర్న్ ఫోర్బ్స్ అనే సైనిక ఇంజనీరు.

లోపలికి వెళ్లగానే నాన్న తలెత్తి పైకప్పు చూశాడు. "ఏట్రా, ఇంత హాలుకి నడిమధ్య ఒక్క స్తంభం లేదేటి?" అన్నాడు. బరువంతా ఇనుప ట్రస్సులు, అంటే పైకప్పు కింద అడ్డంగా బిగించిన ఇనుప చట్రాలు, మోస్తున్నాయని చూపించాను. ఆ ఇనుముకీ యూరప్ పాత చర్చిల్లో కనిపించే గోథిక్ శైలిలో చక్కటి అల్లిక పని చేశారు. పొడవాటి రాడ్లకు ఫ్యాన్లు వేలాడుతున్నాయి.

పడమటి వైపు రంగుటద్దాల కిటికీ దగ్గర చాలాసేపు ఆగిపోయాం. 1872లో అండమాన్‌లో హత్యకు గురైన వైస్రాయ్ లార్డ్ మేయో జ్ఞాపకంగా పెట్టిన కిటికీ అది. 1880లో ఎడ్వర్డ్ బర్న్-జోన్స్ దానికి బొమ్మలు గీశాడు. పొద్దు వాలుతుంటే ఎరుపు, నీలం రంగులు వెలిగాయి. అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాలు తాకినప్పుడు నిలబడ్డట్టే నాన్న కదలకుండా నిలబడ్డాడు. చెప్పులు బయట విప్పాలేమోనని అంతకుముందు రెండుసార్లు అడిగాడు కూడా.

బయటికొచ్చాక గోపురం కథ చెప్పాను. మొదట ఇక్కడ సూదిలాంటి శిఖరం ఉండేది. 1897 భూకంపానికి దెబ్బతింటే బాగుచేశారు. 1934 భూకంపానికి మళ్లీ కూలింది. ఈసారి పాత ఆకారం వదిలేసి, ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ కేథడ్రల్ గోపురం నమూనాలో నలుచదరంగా కట్టారు.

2018లో తిత్లీ తుపానుకి మా కొబ్బరిచెట్లు చాలావరకు పడిపోయాయి. అప్పటినుంచి తోటలో ఒక పక్క ఖాళీగానే ఉంది. ఆ మాటెత్తితే నాన్న లేచి వెళ్లిపోయేవాడు. ఇక్కడ మాత్రం గోపురం వైపే చూస్తూ, "రెండోసారి పాతదే కట్టలేదన్నమాట" అన్నాడు. మెట్రో స్టేషన్ దాకా నడుస్తూ, ఆ ఖాళీ జాగాలో కొబ్బరి మధ్యన జీడి వేయాలా, పనస వేయాలా అని తనే ఎత్తాడు. నేను పనస అన్నాను. ఆయన జీడే అంటున్నాడు.